కారు కంపెనీకి వంట పుస్తకంతో ఏం పని? మీ చేతిలో ఉన్న ఫోర్డ్ పుస్తకం కథ

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మిషిగన్‌లో మీ మేనత్తగారి ఇల్లు ఖాళీ చేస్తుంటే వంటింటి అలమరలో పాత వంట పుస్తకం ఒకటి దొరికింది. లోపల 1950 అని ఉంది, పేరులో ఫోర్డ్ అని ఉంది. కార్లు చేసేవాళ్లు వంట పుస్తకం వేయడమేమిటి, ఇది నిజంగా ఆ ఫోర్డేనా, అమ్మితే ఏమైనా వస్తుందా, అందులోవి మనం వండుకోవచ్చా, ఇలాంటివి ఇంకా ఉన్నాయా?

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. పెద్దగా రాదు. డెట్రాయిట్ చుట్టుపక్కల ఇళ్లు ఖాళీ చేసేటప్పుడు సామాను అమ్మేసే ఎస్టేట్ సేల్స్‌లో ఇరవై ఏళ్లుగా ఇవే ఏరుకుంటున్నాను. నేను కొన్నవన్నీ 5 నుంచి 20 డాలర్ల లోపే. ఈ పుస్తకాలు బాగా అచ్చయ్యాయి, బాగా అమ్ముడయ్యాయి, బేస్‌మెంట్లలో బాగానే మిగిలాయి కూడా. అంచేత అమ్మే ఆలోచన ఉంటే మానుకోండి. ఉంచుకోవడానికి మాత్రం చాలా కారణాలున్నాయి.

అవును, అది ఆ ఫోర్డే. పూర్తి పేరు ఫోర్డ్ ట్రెజరీ ఆఫ్ ఫేవరెట్ రెసిపీస్ ఫ్రమ్ ఫేమస్ ఈటింగ్ ప్లేసెస్. కూర్చినావిడ నాన్సీ కెనెడీ, ఫోర్డ్ కంపెనీ పత్రిక ఫోర్డ్ టైమ్స్‌లో ఆడవాళ్ల శీర్షికలు చూసిన సంపాదకురాలు. 1950లో మొదటిది వచ్చింది, 1954లో రెండోది, 1959లో మూడోది. ఆ తర్వాత ఫోర్డ్ టైమ్స్ పేరుతో మరికొన్ని వచ్చాయి.

వీటిని చూసేటప్పుడు నేనెప్పుడూ ఒకే ప్రశ్న వేసుకుంటాను: ఈ పుస్తకం ఏం అమ్ముతోంది? కారు కంపెనీ ఊరికే వంట నేర్పదు. దాని గోదాంలో ఏదో ఒకటి ఉంటుంది, దానికి గిరాకీ కావాలి. అది ఫ్రిజ్ కావచ్చు, బొగ్గు కావచ్చు, సోయా చిక్కుడు కావచ్చు. మీ పుస్తకం అమ్మేది మాత్రం దూరాన్ని.

ఫోర్డ్ టైమ్స్ 1908లో మొదలైంది, ఫోర్డ్ వారి మోడల్ టీ కారు రావడానికి కొన్ని నెలల ముందే. మొదట్లో అది కంపెనీ మనుషుల కోసం, డీలర్ల కోసం. 1917లో ఆగిపోయి 1943లో మళ్లీ ప్రాణం పోసుకుంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికా అంతా కారెక్కింది కదా, అప్పుడు దాని రూపమే మారిపోయింది. అరచేతి కన్నా కాస్త పెద్ద సైజులో, రంగు రంగుల బొమ్మలతో, డీలర్ తన ఖాతాదారుల ఇళ్లకు పోస్టులో ఉచితంగా పంపే పత్రిక అయింది. వెనక అట్ట మీద మీ ఊరి డీలర్ పేరు అచ్చేసి మరీ వచ్చేది. లోపల కారు గురించి రాసింది తక్కువ. ఏ చెరువులో చేపలు పడతాయి, ఏ కొండ మీద ఆకులు రంగు మారాయి, ఏ ఊళ్లో ఏం తినాలి, ఇవే. ఇంట్లో కారు నిలిపి ఉంటే పెట్రోలు ఖర్చు కాదు, టైర్లు అరగవు, కొత్త కారు అవసరం రాదు. మనిషిని ఆదివారం ఇంట్లోంచి కదపాలి. దానికి పూటకూళ్ల ఇంటి కన్నా మంచి వంక ఏముంది?

ఆ పత్రికలో నెలనెలా వచ్చిన హోటళ్ల వంటకాలనే పుస్తకంగా కుట్టారు. మీ పుస్తకంలో ఏ పేజీ అయినా తీసి చూడండి. పైన హోటల్ భవనం నీటిరంగుల బొమ్మ. అది ఫోటో కాదు, చిత్రకారుడు వేసింది. కింద ఆ హోటల్ గురించి నాలుగు ముక్కలు: ఏ ఊరు, ఏ నంబరు రోడ్డు మీద ఉంది, వారంలో ఏ రోజు మూత, ఏ వేళల్లో భోజనం. ఆ తర్వాతే వంటకం. ఈ వరస గమనించండి. వంటకం కన్నా ముందు దారి చెబుతోంది. పుస్తకం కూడా సూపులు, కూరలు, తీపి అని కాకుండా దేశాన్ని ప్రాంతాలుగా చేసి అమర్చారు. వంటగదిలో వెతుక్కోవడానికి అదేమంత వీలైన పద్ధతి కాదు. బండిలో కూర్చుని వెతుక్కోవడానికి మాత్రం దానికి మించింది లేదు.

ఈ రోడ్డు నంబర్లే నాకు వంటకాల కన్నా ఇష్టం. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఇంటర్‌స్టేట్ రహదారుల చట్టం మీద సంతకం పెట్టింది 1956లో. అంటే మీ పుస్తకంలో ఉన్నదంతా అంతకు ముందరి అమెరికా. రోడ్డు ప్రతి ఊరి నడిబొడ్డులోంచీ పోయేది, హోటల్ ముందు బండి ఆగక తప్పేది కాదు. ఇంటర్‌స్టేట్ వచ్చి ఊళ్లను పక్కకు నెట్టేసింది. మనవైపు బైపాస్ పడ్డాక పాత రోడ్డు మీది టిఫిన్ హోటళ్లకు ఏ గతి పట్టిందో మీకు చెప్పనక్కర్లేదు. ఇక్కడా అంతే. ఒకసారి వేసవి సెలవుల్లో ఒహాయోలో నాలుగు పేజీలు పట్టుకుని పిల్లలతో బయల్దేరాను. ఒకచోట పార్కింగ్ లాట్ ఉంది, ఒకచోట బ్యాంకు ఉంది. మూడోచోట భవనం అచ్చం బొమ్మలో ఉన్నట్టే ఉంది, వరండా స్తంభాలతో సహా. లోపల పళ్ల డాక్టర్ క్లినిక్ నడుస్తోంది. నాలుగోది వెతికే ఓపిక పిల్లలకు లేదు, డ్రైవ్ త్రూలో బర్గర్లు తిని వచ్చాం.

పుస్తకంలో లేనిది కూడా ఒకటి చెప్పాలి. 1950లో దక్షిణాది రాష్ట్రాల్లో ఆ అందమైన బొమ్మల హోటళ్లు చాలావాటిలోకి నల్లజాతి వాళ్లను రానిచ్చేవారు కాదు. వాళ్లకూ కార్లున్నాయి, ఫోర్డ్ కార్లు తయారుచేసే ఫ్యాక్టరీలో వేలమంది వాళ్లే. కానీ ప్రయాణంలో ఎక్కడ తినొచ్చో, ఎక్కడ పడుకోవచ్చో తెలుసుకోవడానికి వాళ్లు వేరే పుస్తకం పట్టుకోవాల్సి వచ్చేది. విక్టర్ గ్రీన్ అనే న్యూయార్క్ తపాలా ఉద్యోగి 1936 నుంచి వేసిన గ్రీన్ బుక్ అది. ఎస్సో పెట్రోలు బంకుల్లో దొరికేది. హోటళ్లలో వివక్ష చట్టవిరుద్ధమైంది 1964లో. నా అలమరలో ఫోర్డ్ ట్రెజరీ పక్కనే గ్రీన్ బుక్ పునర్ముద్రణ ఒకటి పెట్టుకున్నాను. ఒకే కాలం, అవే రోడ్లు, రెండు పుస్తకాలు.

ఇక ఇలాంటివి ఇంకేమున్నాయి అన్నారు. ఉన్నాయి, లెక్కకు మించి. అన్నిటికన్నా ఎక్కువ దొరికేవి ఫ్రిజిడేర్ పుస్తకాలు. ఫ్రిజిడేర్ అంటే ఫ్రిజ్‌ల కంపెనీ కదా అనుకుంటాం. 1919 నుంచి 1979 దాకా అది జనరల్ మోటార్స్ సొత్తు. షెవర్లే, కాడిలాక్ ఎలాగో ఫ్రిజిడేర్ అలాగ. పాత పుస్తకాల మీద జనరల్ మోటార్స్ ఉత్పత్తి అని స్పష్టంగా ఉంటుంది, చూసి కొనండి.

1920ల మొదట్లో కరెంటు ఫ్రిజ్ ధర మోడల్ టీ కారు కన్నా ఎక్కువ. అంత పోసి కొనమంటే, ఐసుబండి వాడు రోజూ వచ్చి గడ్డ వేసి పోతుంటే ఇదెందుకు అంటుంది ఇల్లాలు. రెండు పనులు చేశారు. కార్లకు అప్పిచ్చే జనరల్ మోటార్స్ వారి జీఎంఏసీ సంస్థ చేతే ఫ్రిజ్‌లకూ వాయిదాలు ఇప్పించారు. ఫ్రిజ్‌తో పాటు చేతిలో వంట పుస్తకం పెట్టారు. ఐసు గడ్డల పెట్టె చేయలేనిది ఈ మిషన్ ఏం చేస్తుందో చూపించాలి కాబట్టి, 1920ల చివరి పుస్తకాల్లో సగం గడ్డకట్టించే వంటకాలే. ఐస్‌క్రీమ్, మూస్, షర్బెట్ అంటే సరే. గడ్డకట్టిన సలాడ్లు, జెలటిన్‌లో బిగుసుకున్న టమాటా రసం కూడా ఉంటాయి. ఆ కాలపు అమెరికన్లకు వాటి రుచి నచ్చి తిన్నారో, ఫ్రిజ్ కొన్నందుకు తిన్నారో నాకిప్పటికీ అనుమానమే. మీటను బాగా చల్లటి వైపు తిప్పండి, అరగంటకోసారి తీసి కలపండి అని రాసినచోట తెలిసిపోతుంది, అది వంటకం వేషంలో ఉన్న మిషన్ వాడే పద్ధతి అని.

ఇక్కడో పిట్టకథ. మొదటి తరం ఫ్రిజ్‌లలో చల్లదనం కోసం సల్ఫర్ డయాక్సైడ్ వాయువు వాడేవారు. కారితే ఇల్లంతా ఘాటు, ప్రాణం మీదికి వచ్చేది. దానికి బదులు కనిపెట్టమంటే థామస్ మిడ్జ్‌లీ అనే ఇంజినీరు 1928లో ఫ్రియాన్ వాయువు కనిపెట్టాడు. అదే మిడ్జ్‌లీ, అదే జనరల్ మోటార్స్ కోసం, 1921లో పెట్రోలులో సీసం కలిపే పద్ధతి కనిపెట్టాడు. ఇంజిన్‌లో టకటక తగ్గింది ఆయన వల్లే, ఫ్రియాన్‌తో ఓజోన్ పొరకు చిల్లు పడిందీ ఆయన దయ వల్లే. నేను ఫ్రిజిడేర్ పుస్తకంలో ఐస్‌క్రీమ్ పేజీ తీసినప్పుడల్లా ఆయనే గుర్తొస్తాడు.

కెల్వినేటర్ పేరు మన ఇళ్లలోనూ తెలుసు. చల్లటి ఫ్రిజ్ అంటే కెల్వినేటరే అన్న రోజులున్నాయి. అమెరికాలో 1937లో నాష్ కార్ల కంపెనీ, కెల్వినేటర్ ఒకటయ్యాయి. చార్లెస్ నాష్‌కు తన తర్వాత కంపెనీ నడిపేవాడు కావాలి. కెల్వినేటర్ అధిపతి జార్జ్ మేసన్ మీద కన్నుపడింది. రమ్మంటే నా కంపెనీతో సహా అయితేనే వస్తానన్నాడు మేసన్, అలా కలిశాయి. 1954లో అది అమెరికన్ మోటార్స్ అయింది, 1968లో ఫ్రిజ్‌ల విభాగాన్ని అమ్మేశారు. సేకరించేవాళ్లకు ఇందులో ఒక మెలిక ఉంది. 1937కు ముందరి కెల్వినేటర్ పుస్తకం కారు కంపెనీది కాదు. అమ్మేవాళ్లు ఆ తేడా చూడరు, అన్నిటికీ కార్ల కంపెనీ వంట పుస్తకం అని చీటీ అంటిస్తారు. అచ్చయిన సంవత్సరం చూడండి.

ఫ్రిజ్, కారు ఒకే చోట ఎందుకు పుట్టాయని మనవాళ్లు ఆశ్చర్యపోతారు గానీ, హైదరాబాద్ వాళ్లు ఆశ్చర్యపోకూడదు. 1942లో మొదలైన మన ఆల్విన్ బస్సు బాడీలు కట్టింది, ఫ్రిజ్‌లు చేసింది, గడియారాలు చేసింది, చివర్లో నిస్సాన్‌తో కలిసి లారీలూ చేసింది. రేకు వంచడం, అతకడం, దాని మీద రంగు నిలబడేలా వేయడం తెలిసినవాడికి బస్సు తలుపైనా ఒకటే, ఫ్రిజ్ తలుపైనా ఒకటే. ఇవాళ ఆల్విన్ కాలనీ, ఆల్విన్ చౌరస్తా అని బస్సు దిగేవాళ్లలో ఆ ఫ్రిజ్ చూసినవాళ్లు ఎంతమందో.

మళ్లీ ఫోర్డ్ దగ్గరికి వస్తే, పెద్దాయన హెన్రీ ఫోర్డ్‌కు సోయా పిచ్చి పట్టింది. రైతు పండించింది ఫ్యాక్టరీకి పనికి రావాలన్నది ఆయన పట్టు. 1930ల మధ్యకు వచ్చేసరికి ఒక్కో ఫోర్డ్ కారులో ఒక బుషెల్, అంటే దాదాపు 27 కిలోల సోయా వాడుతున్నారు. రంగులో నూనెగా కొంత, హారన్ బటన్, గేర్ పిడి వంటి ప్లాస్టిక్ ముక్కలుగా కొంత. కారులోకి పోగా మిగిలింది కంచంలోకి రావాలి కదా. 1934 ఆగస్టు 17న షికాగో ప్రపంచ ప్రదర్శనలో విలేకర్లను పిలిచి విందు ఇచ్చారు. సోయా సాస్ కలిపిన టమాటా రసం దగ్గర మొదలై సోయా సూపు, సోయా కట్లెట్లు, సోయా రొట్టె, సోయా పాలతో కోకో, సోయా కాఫీ, సోయా బిస్కెట్లు, అన్నీ సోయానే. పిల్లనిచ్చిన మామగారు అల్లుడికి ఏడు రకాల వంకాయ కూరలు పెట్టినట్టుంది కదూ! ఫోర్డ్ చిన్ననాటి స్నేహితుడు ఎడ్సెల్ రడిమన్ ఈ సోయా వంటల ప్రయోగాలు చూసేవాడు. ఫోర్డ్ కంపెనీ ఉన్న ఊరు డియర్‌బర్న్ నుంచి సోయా వంటకాల పల్చటి పుస్తకం కూడా వచ్చింది. అది దొరికితే మాత్రం వదలకండి, ట్రెజరీలా ఎక్కడపడితే అక్కడ దొరికేది కాదు.

బొగ్గు కథా ఇలాంటిదే. మోడల్ టీకి దాదాపు 100 బోర్డ్ అడుగుల (అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న పలక ఒక బోర్డ్ అడుగు) కలప పట్టేది. మిషిగన్ ఉత్తరాన ఐరన్ మౌంటెన్ దగ్గర అడవులు కొని రంపపు మిల్లు పెట్టారు. కొట్టగా మిగిలిన చెక్క ముక్కలు, పొట్టు కొండలా పేరుకున్నాయి. వాటిని కాల్చి, పిండితో జిగురు కలిపి దిండుల్లాంటి బొగ్గు ముద్దలు చేశారు. అమ్మేదెవరు? ఫోర్డ్ డీలర్లే. షోరూమ్‌లో కారు పక్కన బొగ్గు బస్తా, చిన్న పొయ్యితో కలిపి పిక్నిక్ కిట్. కారులో వెళ్లండి, చెట్టు కింద ఆగండి, మా బొగ్గు మీద మాంసం కాల్చుకోండి అని. 1951లో ఆ వ్యాపారం చేతులు మారింది. ఇవాళ మీరు బార్బెక్యూకి కొనే కింగ్స్‌ఫర్డ్ బస్తా అదే. కింగ్స్‌ఫర్డ్ అన్నాయన ఫోర్డ్ చుట్టం, ఆ అడవులు కొనిపెట్టింది ఆయనే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. లారీలు, ట్రాక్టర్లు చేసే ఇంటర్నేషనల్ హార్వెస్టర్ 1947 నుంచి 1955 దాకా ఫ్రిజ్‌లు చేసింది. ఇర్మా హార్డింగ్ అని ఒక గృహిణిని సృష్టించి, ఆవిడ చెప్పినట్టు వంటకాలు అచ్చేసింది. అసలు అలాంటి మనిషే లేదు. ఫ్రాన్స్‌లో టైర్ల కంపెనీ మిషెలిన్ 1900లో వేసిన గైడ్ వంట పుస్తకం కాదు గానీ, లోపలి బుద్ధి మీ ట్రెజరీదే: జనం తిరిగితే టైర్లు అరుగుతాయి. జర్మనీలో ఫోక్స్‌వాగన్ 1973 నుంచి సొంతంగా సాసేజ్ చేస్తోంది, దానికి కారు విడిభాగంలాగే పార్ట్ నంబరు ఉంది, 199 398 500 ఏ.

ఇప్పుడు వండటం. 1950 నాటి ట్రెజరీలోవి నేరుగా వండుకోవచ్చు, 1920ల ఫ్రిజిడేర్ పుస్తకాలతోనే జాగ్రత్త. కప్పు అంటే దాదాపు 240 మిల్లీలీటర్లు, మన టీ గ్లాసు కాదు. మోడరేట్ ఓవెన్ అంటే 350 నుంచి 375 ఫారెన్‌హీట్. నంబర్ 2 డబ్బా అంటే రెండున్నర కప్పులు. షార్టెనింగ్ అంటే మన డాల్డా లాంటిది. ఓలియో అంటే మార్జరిన్. శాకాహారులైతే మూడు మాటలు వెతకండి: లార్డ్ పంది కొవ్వు, సూయెట్ ఎద్దు కొవ్వు, జెలటిన్ ఎముకలూ తోలూ మరిగించి తీసింది. పై (pie) అనే వంటకపు పిండి పొరలో, పుడ్డింగుల్లో, సలాడ్లలో ఇవి నిశ్శబ్దంగా కూర్చుని ఉంటాయి. ఇండియన్ పుడ్డింగ్ అని కనబడితే మన పాయసమేమో అని సంబరపడకండి, మొక్కజొన్న పిండి, బెల్లంపాకం లాంటి మొలాసెస్ వేసి చేసే న్యూ ఇంగ్లండ్ వంటకం అది.

జెలటిన్ సంగతి నాకు అనుభవం మీద తెలిసింది. తలా ఒక వంటకం తెచ్చే ఒక ఉగాది పాట్‌లక్‌కు సరదాపడి ఫ్రిజిడేర్ పుస్తకంలోంచి గడ్డకట్టిన ఫ్రూట్ సలాడ్ చేసి తీసుకెళ్లాను. అనాస, చెర్రీలు, మేయొనేజ్, విప్ చేసిన క్రీమ్, జెలటిన్. ముక్కలు కోసి పెడితే పాలరాయిలా మెరిసింది. పులిహోర పక్కన పెట్టాను. ఒక పెద్దావిడ అమ్మా ఇందులో ఏం వేశావని అడిగారు. చెప్పాను. ఆవిడ చెంచా కింద పెట్టేశారు, ఆ వరసలో అందరూ పెట్టేశారు. మేయొనేజ్, అనాస కలయిక తట్టుకున్న ఇద్దరు పిల్లలు మాత్రం తిన్నారు.

మీరు మొదలుపెట్టాలంటే దక్షిణాది పేజీల్లో స్పూన్ బ్రెడ్ వెతకండి. ఒక్కో హోటల్‌ది ఒక్కో లెక్క ఉంటుంది. నేను చేసేది ఇదీ: మూడు కప్పుల పాలు మరగనిచ్చి, కప్పు మొక్కజొన్న పిండిని ఉప్మా రవ్వ పోసినట్టు సన్నగా జార్చుతూ, ఉండ కట్టకుండా కలపాలి. చెంచా ఉప్పు, రెండు పెద్ద చెంచాల వెన్న వేసి దించాలి. గోరువెచ్చగా అయ్యాక మూడు గుడ్ల సొనలు, చెంచా బేకింగ్ పౌడర్ కలిపి, తెల్లసొన నురగ వచ్చేదాకా గిలకొట్టి, నురగ కుంగకుండా మెల్లగా కలిపి, వెన్న రాసిన గిన్నెలో పోసి 350లో ముప్పావుగంట. పైన బంగారు రంగు పొర కడుతుంది, లోపల గరిటెతో వడ్డించుకునేంత మెత్తగా ఉంటుంది. నేను రెండు పచ్చిమిరపకాయలు తరిగి వేస్తాను, పుస్తకం ఒప్పుకోదు.

చివరిగా, పుస్తకాన్ని బేస్‌మెంట్‌లో ఉంచకండి, మిషిగన్ చెమ్మకు బూజు పడుతుంది. ఊడిన పేజీలకు మామూలు టేపు అంటించకండి, పదేళ్లకు పసుపు మరక అవుతుంది. నూనె మరకలు తుడవకండి. మొదటి ఖాళీ పేజీలో డీలర్ ముద్ర గానీ ఎవరిదైనా సంతకం గానీ ఉందేమో చూడండి. 1950 పుస్తకం మీ మేనత్తగారు వచ్చేనాటికే పాతది, అంటే ఎవరో ఇరుగమ్మ ఇచ్చి ఉండొచ్చు. పేజీల మధ్య చీటీలు ఉంటే ఉన్నచోటే ఉంచి ఫోటో తీయండి, ఏ పేజీలో ఉందన్నది కూడా ముఖ్యమే. ఏ పేజీకి అన్నిటికన్నా ఎక్కువ మరకలున్నాయో ఇక్కడ రాస్తే, అది ఏ ఊరి హోటలో, ఇప్పుడు అక్కడ ఏముందో నా దగ్గరున్న పాత మ్యాపుల్లో చూసి చెబుతాను.